ఒక పూట వెనక వచ్చే గొంతు

గార్లలోని ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో తెల్లవారకముందే గంట కొడతారు. కొట్టేది వాచ్‌మన్ సమ్మయ్య. గంట వినగానే పిల్లలు బకెట్లు పట్టుకుని నల్లాల దగ్గర వరుస కడతారు. నల్లాలు చాలానే ఉన్నా నీళ్లొచ్చేవి తక్కువ కాబట్టి తోపులాట తప్పదు. ఆ తోపులాట మధ్య ఏడో తరగతి అఖిల పళ్లు తోముకుంటూ నిలబడి ఉంటే, ఆమె దగ్గర్నుంచి "సుజాతా, నీ పప్పుల ఉప్పున్నదా, నా దాంట్ల లేదు" అని మాట వినిపించేది. అది నిన్న రాత్రి భోజనాల దగ్గర అన్న మాట. సుజాత అటు తిరక్కుండానే "నా దాంట్ల సరిపోయింది" అని చెప్పి మొహం కడుక్కునేది.

అఖిల గొంతు ఒక పూట ఆలస్యం. పొద్దున అన్న మాట సాయంత్రం వినిపిస్తుంది, సాయంత్రం అన్న మాట మర్నాడు పొద్దున. మాట్లాడేటప్పుడు పెదవులు అందరికీ కదిలినట్టే కదులుతాయి, చప్పుడు మాత్రం ఉండదు. పూట గడిచాక ఆ చప్పుడు, ఆమె ఎక్కడుంటే అక్కడ, నోరు మూసుకుని ఉన్నా సరే, బయటికి వచ్చేస్తుంది. మాటలు నేర్చిన నాటి నుంచీ అంతే. కొందరు పిల్లలకు పళ్లు ఆలస్యంగా వస్తాయి, కొందరు నడక ఆలస్యంగా నేరుస్తారు. ఈమెకు ఇది ఇలా వచ్చింది.

తండాలో ఉన్నన్నాళ్లు దీంతో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. పెద్దవాళ్లంతా పొద్దున్నే మిరప చేలకు పోయేవాళ్లు. ఇంట్లో ముసలిదీ పిల్లా మిగిలేవాళ్లు. అఖిల రోజంతా తనలో తాను చెప్పుకున్న కబుర్లు, సరిగ్గా వాళ్లు పనుల నుంచి తిరిగొచ్చి కాళ్లు కడుక్కునే వేళకు వినిపించేవి. నాయనమ్మ లచ్చి వాకిట్లో కూర్చుని, మనవరాలు అప్పుడే చెబుతున్నట్టు ప్రతి మాటకూ ఊఁ కొట్టేది. తండ్రి భద్రు భుజం మీది తువ్వాల తీస్తూ వినేవాడు. మాట కాస్త నిలవదైతేనేం, వినేవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే వచ్చేది.

బడిలో అలా కుదరలేదు. బడిలో ప్రశ్న ఏ పీరియడ్‌లో అడిగితే జవాబు ఆ పీరియడ్‌లోనే రావాలి. హాజరు పిలిచినప్పుడు అఖిల అందరితో పాటే "ప్రెజెంట్ సార్" అనేది. అది రాత్రి పిల్లలు దుప్పట్లు కప్పుకున్నాక వినిపించేది. గదంతా కిసుక్కుమనేది. లెక్కల జవాబులు చీకట్లో వచ్చేవి, రాత్రి గుసగుసలు తెలుగు పాఠం మధ్యలో వచ్చేవి. మొదట్లో ఆమె కూడా నవ్వేసేది. నాయనమ్మ పోయిన కబురు వచ్చింది ఒక సాయంత్రం. ఆ సాయంత్రం అఖిల గోడకు ఆనుకుని ఏడ్చింది, కన్నీళ్లు అప్పుడే వచ్చాయి. ఏడుపు మాత్రం మర్నాడు పొద్దున, ప్రార్థనలో ప్రతిజ్ఞ చదువుతుండగా వచ్చింది. అప్పటికి ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. హెడ్మాస్టర్ మహీధర్ సార్ ప్రతిజ్ఞ ఆపించి, "నిన్నటి ఏడుపు నిన్ననే ఏడ్వాలె. ప్రార్థనంటే క్రమశిక్షణ ఉండద్దా?" అన్నారు. వరుసల్లో ఎవరో నవ్వారు.

ఆ రోజు నుంచి అఖిల మాట్లాడటం దాదాపు మానేసింది. తప్పనిసరై ఒకటీ అరా అన్నా, పూట తర్వాత ఆ మాట వచ్చే వేళకు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఎవరూ లేని చోటుకు పోయేది.

వర్షాకాలంలో చదువు ఎట్లా ఉందో చూడటానికి ఒక అధికారి వచ్చాడు. ఒక్కొక్కరి చేత ఒక్కో పేజీ చదివించాడు. అఖిల తన పేజీని తడబడకుండా, కామాల దగ్గర ఆగుతూ పూర్తిగా చదివింది. అధికారి ఆమె పెదవుల వైపు చూసి, వాచీ వైపు చూసి, కాగితం మీద ఏదో టిక్కు పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం ఆయన జీపు మహబూబాబాద్ చేరే వేళకు, భోజనాల గదిలో ఆ పేజీ అంతా చక్కగా వినిపించింది. వంటావిడ సత్తమ్మ గరిటె పట్టుకుని చివరిదాకా విని, "మంచిగ సదివింది పిల్ల" అంది. కానీ సత్తమ్మ పెట్టే టిక్కు ఎక్కడా చెల్లదు. అఖిలకు చదవడం రాదని రాసి పంపారు. మహీధర్ సార్ భద్రును పిలిపించమని చెప్పారు. మాటలు రాని పిల్లల బడికైనా పంపాలి, లేకపోతే ఇంటికైనా తీసుకుపోవాలి. భద్రు అప్పటికి భూపాలపల్లిలో, బొగ్గు లారీల మీద టార్పాలిన్లు కట్టే పనిలో ఉన్నాడు. అఖిల యాడి అని పిలిచే అమ్మ కూడా అక్కడే కూలికి పోతోంది. చంటి పిల్లవాణ్ణి చూసుకునే మనిషి లేదు. "దసరా అయినంక వచ్చి తీస్కపోత సారూ, తమ్ముని దగ్గరన్న ఉంటది" అని కబురు చేశాడు.

ఆ బడికి ఆటా పాటా నేర్పడానికి డోర్నకల్ నుంచి జ్యోత్స్న వచ్చేది. వాళ్ల నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటకాల్లో దేవదూత వేషం వేయడంతో మొదలై, వరంగల్ వెళ్లి నాట్యం నేర్చుకుని, సర్టిఫికెట్ తెచ్చుకుని, చివరికి పార్ట్‌టైం టీచరుగా ఇక్కడ కుదిరింది. కుదిరిందన్న మాటే గానీ ఆమెకు ఏదీ కుదరలేదు. ప్యాసింజర్ రైలు గూడ్సు బండ్లకు దారిస్తూ ఎక్కడో ఒకచోట నిలబడిపోయేది. ఉరుకుల మీద బడికి వస్తే ఆమె పీరియడ్‌ను లెక్కల సారు అప్పటికే తీసేసుకుని ఉండేవాడు. గది అడిగితే బియ్యం బస్తాల గది ఇచ్చారు. పిల్లలు బస్తాల మధ్య సందులో అడుగులు వేసేవాళ్లు. కాస్త గట్టిగా ఎగిరితే తవుడు లేచి అందరూ తుమ్మేవాళ్లు.

"జ్యోత్స్నా, ఎందుకమ్మా గింత పరేషాన్?" అనేవారు మహీధర్ సార్. "యాన్వల్ డేకు ఒక సినిమా పాటకు స్టెప్పులేయించు. సరిపోతది."

"సార్, స్టెప్పులు టీవీ చూసి వాళ్లే ఏస్తరు. నేనెందుకు మరి?"

"అదే నేను గూడ అడుగుతున్న" అనేవారాయన నవ్వుతూ.

ఆ బస్తాల గదిలోనే ఒకనాడు జ్యోత్స్న అఖిలను చూసింది. వెనక వరుసలో, గోడ పక్కన, పిల్ల ఒక్క తాళం కూడా తప్పకుండా ఆడుతోంది. చేతులు విసిరితే మోచేతుల దాకా గాజులున్న పెద్ద ఆడవాళ్లు విసిరినట్టుంది. గొంతు ఆలస్యమే గానీ కాళ్లు కావు. జ్యోత్స్న ఆట ఆపి, "ఎవరు నేర్పిండ్రు నీకు?" అని అడిగింది. అఖిల పెదవులు కదిలాయి. ఏమీ వినిపించలేదు. రెండోసారి అడిగింది, మూడోసారి అడిగింది. అప్పటికే రైలుతో, లెక్కల సారుతో విసిగి ఉంది కాబట్టి, "నోరు తెరిచి చెప్పరాదా" అని కసిరింది. అఖిల తల కిందికి వాలిపోయింది.

సుజాత ముందుకొచ్చి, "చెప్పింది మేడం. మూడు సార్లూ చెప్పింది. రేపు పొద్దుగాల నల్లా కాడ వినపడ్తది. గప్పటికి మీరుండరు" అంది.

జ్యోత్స్నకు సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా కోపంలాగే ఉంది. రైలెక్కాక కిటికీ దగ్గర కూర్చుని, తను ఉండని పొద్దుల్లో ఆ పిల్ల తనకెన్ని జవాబులు చెప్పి ఉంటుందో అనుకుంది.

జిల్లా కళల పోటీలు మహబూబాబాద్‌లో అని ఆర్డరు వచ్చినప్పుడు ఆమె ఒక చిన్న నాటకం రాసింది. ఒక అమ్మాయి పెంచుకునే మేక రాజుగారి తోట మేస్తుంది. రాజు మేకను కట్టేయిస్తాడు. ఆ అమ్మాయి తోటి పిల్లలతో ఆడుతూ పాడుతూ కోటకు వెళ్లి రాజుతో వాదించి మేకను విడిపించుకుంటుంది. బడి రోజుల్లో పీరియడ్ దొరకడం లేదని ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, అందరి చేతా మేక గల ఆ అమ్మాయి మాటలు చదివించింది. వంతు వచ్చినప్పుడు అఖిల కూడా చదివింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పట్టాల పని ఉందని ఆ మధ్యాహ్నం రైలు రద్దయింది. సాయంత్రం బండి కోసం జ్యోత్స్న వసారాలో కూర్చుని రైల్వేవాళ్లను తిట్టుకుంటోంది. పొద్దు వాలుతోంది. సత్తమ్మ పక్కన కూర్చుని అఖిల చేటలో బియ్యం ఏరుతోంది. ఉన్నట్టుండి ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. చున్నీ దాటుకుని గొంతు వచ్చింది.

"రాజా, నీ తోటకు కంచె ఏది? గిది నీ తోటని బోర్డు పెట్టినవట. నా మేకకు సదువస్తదా రాజా? నాకే మొన్నటిదాక రాలేదు. సదువు చెప్పకుండ శిక్ష ఏస్తవా?"

జ్యోత్స్న లేచి నిలబడింది. ఆ మాటల్ని తనే రాసింది. కానీ అవి అంత కోపంగా ఉంటాయని ఆమెకు తెలియదు. పొద్దున చదివిన మిగతా పిల్లలందరూ వాటిని పద్యం అప్పజెప్పినట్టు చదివారు. ఈ పిల్ల మాత్రం నిజంగా తన మేకను ఎవరో కట్టేసినట్టు చదివింది. చేటలోని బియ్యం మీద కళ్లుపెట్టి, వింటున్న వాళ్లను చూడకుండా, తన గొంతు ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూస్తోంది అఖిల.

అయిపోయాక జ్యోత్స్న ఆమె పక్కన కూర్చుంది. "అఖిలా, ఇను. మామూలు మాట ముందుగాల తెల్వది. నాటకంల మాట ముందుగాలనే తెలుసు కదా. పొద్దుగాల మాట్లాడు. సాయంత్రం ఆడు."

అఖిల చేట పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత తలూపింది.

అనుకున్నంత తేలిగ్గా ఏమీ జరగలేదు. జ్యోత్స్న తెల్లవారుజాము బండికి రావడం మొదలుపెట్టింది. సమ్మయ్య గంట కొట్టాక ఇంటి నుంచి డప్పు తెచ్చి, వంటగది వెనక వేపచెట్టు కింద దరువు వేసేవాడు. ఆ దరువులో అఖిల అడుగులేస్తూ, చప్పుడు లేకుండా తన మాటలన్నీ చెప్పేది. రాజు వేషం సుజాతది. సాయంత్రం అదే దరువుకు మళ్లీ ఆడేవాళ్లు. పొద్దుటి దరువు కాస్త నిదానమైతే సాయంత్రం గొంతు వెనకబడేది. ఒక్కోసారి రాజు ఇంకా ప్రశ్న అడగకముందే మేక గల అమ్మాయి జవాబు వచ్చేసేది. పిల్లలు విసుక్కునేవాళ్లు. "మేడం, అఖిలను మేక చేయుండ్రి, మేకకు మాటలుండయి" అని ఒకమ్మాయి అంది. అఖిల ఆ సాయంత్రం అన్నం తినలేదు. జ్యోత్స్న రైలు తప్పిపోయి, లారీ ఎక్కి ఇల్లు చేరింది.

అన్నిటికంటే కష్టమైంది చున్నీ. గొంతు రాగానే చెయ్యి దానంతటదే నోటి మీదికి పోయేది. ఆడుతున్న కాళ్లు ఆగిపోయేవి. జ్యోత్స్న చెప్పి చెప్పి అలిసిపోయింది. చివరికి చున్నీని నడుముకు బిగించి ముడేసి, "గొంతు వచ్చినప్పుడు దాని ఎనక దాక్కోకు. దాని పక్కన నిలబడు. గది నీదే కదా" అంది. తర్వాత చేతులకు పని పెట్టింది. ఒక చేతికి కర్ర ఇచ్చింది, రెండో చెయ్యి ప్రతి మాటకూ రాజు వైపు చాపాలని చెప్పింది. చేతులు ఖాళీ లేకపోయేసరికి నోరు మూయడానికి ఏమీ మిగల్లేదు. ఒక సాయంత్రం, మాట వచ్చిన క్షణంలోనే అడుగు పడింది, చెయ్యి లేచింది, పెదవులు కూడా కలిశాయి. చూసినవాళ్లకు ఆ పిల్ల అప్పుడే మాట్లాడుతున్నట్టుంది. సమ్మయ్య దరువు ఆపకుండానే తలూపాడు. సుజాత తన మాట మరచిపోయి చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత చిన్న చిన్న మార్పులు వచ్చాయి. హాజరు పిలిస్తే అఖిల మళ్లీ "ప్రెజెంట్ సార్" అనడం మొదలుపెట్టింది. రాత్రి చీకట్లో అది వినిపించగానే పడకల మీద నుంచి పిల్లలు మహీధర్ సార్ గొంతుతో "కూసో" అనేవాళ్లు. అఖిల కూడా నవ్వేది. ఆ నవ్వు పొద్దున నల్లా దగ్గర వినిపించేది.

మహీధర్ సార్ మాత్రం ఒప్పుకోలేదు. "గా పిల్లకు మెయిన్ రోలా? నలుగురిల మన బడి పేరు పోతది. సుజాతకియ్యి."

"సుజాతకు సాయంత్రం గొంతు మస్తుగ వస్తది సార్. కాని ఆ మాట అఖిలది."

"ఏదన్న తేడా వస్తే నాకు సంబంధం లేదు. నీదే బాధ్యత."

"ఎప్పుడు నాది కాలేదు సార్?" అంది జ్యోత్స్న.

మహబూబాబాద్‌లో ఒక కాలేజీ మైదానంలో షామియానాలు వేశారు. వాళ్ల నాటకం దీపాలు పెట్టే వేళకని చెప్పారు. ఆ పొద్దున చీకటితోనే లేచి, వేపచెట్టు కింద అఖిల నాటకమంతా చెప్పేసింది. తెచ్చిపెట్టుకున్న గాంభీర్యం లేకుండా, ఒక్క మాట మింగకుండా చెప్పింది. ఇక ఆ మాటలు బయలుదేరిపోయాయి. సాయంత్రానికి వస్తాయి. వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు.

ముఖ్య అతిథి మధ్యాహ్నానికి రావాలి. రాలేదు. ఆయన వచ్చేదాకా పోటీలు మొదలుపెట్టవద్దన్నారు. పిల్లలు రంగులు పూసుకుని ఎండలో కూర్చున్నారు. బుగ్గల మీది రంగు చెమటకు మెడ మీదికి కారింది. పొద్దు వాలే వేళకు కార్లు వచ్చాయి. శాలువాలు కప్పారు. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకున్నారు. జ్యోత్స్న నిర్వాహకుడు హన్మంత్ దగ్గరికి వెళ్లింది.

"అన్నా, మా ఐటెం ఇప్పుడు పెట్టాలె. మా పిల్ల గొంతు పూట ఆలస్యం. పొద్దుగాల చెప్పిన మాట ఇప్పుడొస్తది."

హన్మంత్ ఆశ్చర్యపోలేదు. చేతిలోని కాగితాల్లో చూసి, "మీది చివరికి పోయింది మేడం. జర ఆగమనుండ్రి ఆ గొంతును. ఇంతమందిమి ఆగుతలేమా?" అన్నాడు.

"ఆగదన్నా. అందుకే కదా చెప్తున్న."

"అయితే వచ్చే ఏడాది చూద్దాం" అని ఆయన పూలదండల వైపు వెళ్లిపోయాడు.

జ్యోత్స్న మహీధర్ సార్ దగ్గరికి పోయింది. ఆయన ముందు వరుసలో కూర్చుని, అతిథి ఉపన్యాసానికి తలూపుతున్నారు. "నేను ముందే చెప్పిన్నా లేదా?" అని మాత్రం అన్నారు. ఆమె షామియానా వెనక్కి వచ్చి అఖిల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నా చేతుల ఏం లేదే" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అఖిల చేతిలో కర్ర ఉంది. చున్నీ నడుముకు ఉంది.

వేదిక మీద అతిథి, "ఈనాడు ఈ పిల్లలకు మేం ఏం తక్కువ చేసినం?" అని అడిగి, చప్పట్ల కోసం ఆగాడు.

"రాజా, నా మేకను ఎందుకు కట్టేసినవ్?" అంది అఖిల గొంతు.

షామియానా వెనక నుంచి ఆ మాట మైకు అక్కర్లేనంత స్పష్టంగా వినిపించింది. తలలు తిరిగాయి. అఖిల చెయ్యి చున్నీ కోసం లేచింది. కర్ర అడ్డొచ్చింది. రెండో మాట అప్పటికే దారిలో ఉంది. ఆమె ఒకసారి జ్యోత్స్న వైపు చూసింది. తర్వాత తెరను పక్కకు నెట్టి, వేదిక మెట్లెక్కకుండా, వేదికకూ కుర్చీలకూ మధ్య ఖాళీ నేల మీదికి నడిచి వెళ్లింది. అడుగు పడింది. చెయ్యి లేచింది. మాట వచ్చింది.

సమ్మయ్య ఇంకేమీ ఆలోచించలేదు, దరువు అందుకున్నాడు. సుజాత కిరీటం సరిచేసుకుంటూ పరుగెత్తింది. మిగతా పిల్లలు ఆమె వెనక. మైకు ముందు నిలబడ్డ అతిథి ఒకటి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. మేకకు చదువస్తుందా రాజా అని అఖిల చెయ్యి చాపినప్పుడు, సుజాత ఒక పక్క, ఆయన ఒక పక్క ఉండటంతో, ఆ చెయ్యి ఎవరి వైపు చాపిందో చూసినవాళ్లు ఒక్కో రకంగా చెప్పుకున్నారు. వెనక నేల మీద కూర్చున్న వేరే బడుల పిల్లలు మోకాళ్ల మీద లేచి చూశారు. అఖిల తల ఒక్కసారి కూడా కిందికి వాలలేదు. చివరి మాట రాగానే కర్రను నేలకు ఆన్చి నిలబడింది. పిల్లలు కొట్టిన చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

బహుమతి రాలేదు. వరుస తప్పి ఆడారని అసలు లెక్కలోకే తీసుకోలేదు. అతిథి టీ తాగకుండా వెళ్లిపోయాడు. పై అధికారులు మహీధర్ సార్‌ను పక్కకు పిలిచి మాట్లాడారు. ఆయన తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు జ్యోత్స్నతో, "ఇగ రానక్కర్లేదమ్మా. పై నుంచి చెప్పిండ్రు" అన్నారు. పై నుంచి ఎవరు చెప్పారని ఆమె అడిగింది. ఆయన ఫైలు తెరిచారు. ఆమె బియ్యం బస్తాల గదికి వెళ్లి గజ్జెలు సంచిలో వేసుకుంది. పిల్లలు తరగతుల్లో ఉన్నారు. అఖిల కిటికీలోంచి చూసి పెదవులు కదిపింది. అదేమిటో తెలుసుకోవడానికి ఆమె సాయంత్రం దాకా ఉండాలి. ఉండే వీలు లేదు. సంచిని బలంగా భుజానికి తగిలించుకుని, ఎవరి మీదో తెలియని కోపంతో స్టేషనుకు నడిచింది.

భద్రుకు మళ్లీ కబురు వెళ్లింది. ఈసారి దసరా దాకా ఆగవద్దన్నారు.

అతను వచ్చేసరికి పొద్దు గూకుతోంది. గోళ్ల సందుల్లో బొగ్గు నలుపు అలాగే ఉంది. ఆఫీసు వసారాలో నిలబడే మాట్లాడాడు. "రాత్రి రైలుకే పోవాలె సారూ. పొద్దున పనిల లేకుంటే ఇంకొకన్ని పెట్టుకుంటరు." మహీధర్ సార్ ఆ పిల్ల మంచిదేననీ, తనకు వేరే ఉద్దేశమేమీ లేదనీ, మాటలు రాని పిల్లను ఇక్కడ ఉంచితే ఆమెకే నష్టమనీ చెప్పారు. భద్రు అన్నిటికీ "సరే సారూ" అన్నాడు. సుజాత, అఖిల ట్రంకుపెట్టెను చెరోవైపు పట్టుకుని తెచ్చి వసారాలో దించారు. భద్రు పెట్టె ఎత్తడానికి వంగాడు.

"అక్షయా, కిందికెందుకు చూస్తానవ్? కింద ఏం పడ్డది?" అంది అఖిల గొంతు.

భద్రు వంగినవాడు వంగినట్టే ఆగాడు. అఖిల నోరు మూసుకునే ఉంది. గొంతు ఆగలేదు.

"ముంగటికి చూడు. మన దిక్కు చూసేటోళ్లు మనల్ని కొట్టరు. చెయ్యి జర మీదికి. గట్ల. తప్పు పోతే పోనియ్, ఆగకు, ఆగితేనే తప్పు కనబడ్తది. మల్ల మొదటి నుంచి. నేను ముంగట ఏస్త, మీరందరు నా ఎనక రాండ్రి."

"ఎవలతోని మాట్లాడ్తాంది?" అని అడిగాడు భద్రు.

"చిన్నపిల్లలతోని" అంది సుజాత. "జ్యోత్స్న మేడం రాకపోయేసరికి రోజు పొద్దుగాల వంటగది ఎనక అఖిలనే నేర్పుతాంది. ఇది పొద్దుటి ముచ్చట. వాళ్లకు పొద్దుగాల చేతులతోని చూపెడ్తది. సాయంత్రం మాటలు ఇనడానికి వాళ్లే వస్తరు."

అప్పటికే మూడో తరగతి పిల్లలు ఐదారుగురు వసారా మెట్ల దగ్గర చేరి ఉన్నారు. గొంతు చెబుతున్న దానికి సరిగ్గా చేతులు లేపుతున్నారు. ఒక చిన్నది కింద చూస్తున్నదల్లా గబుక్కున తలెత్తింది. మహీధర్ సార్ ఆ పిల్లల్ని ఇంతకు ముందు ఆ మెట్ల మీద చూడలేదు. ఆ వేళకు ఆయన ఇంటికి వెళ్లిపోయి ఉండేవారు.

భద్రు పెట్టె వదిలి నిటారుగా నిలబడ్డాడు. "గొంతు పెద్దగైంది" అన్నాడు నెమ్మదిగా. తన తల్లి లచ్చి పోయినప్పుడు తండాకు వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లిపోయాడు. అప్పుడు ఈ పిల్ల ఏం మాట్లాడిందో అతనికి గుర్తులేదు. కూతురి దగ్గరికి వచ్చి, తండా భాషలో, "చెప్పు బిడ్డా. నాతోని వస్తవా, ఈడనే ఉంటవా?" అని అడిగాడు.

అఖిల చెప్పడం మొదలుపెట్టింది. పెదవులు చాలాసేపు కదిలాయి. మధ్యలో ఒకసారి కోపం వచ్చినట్టుంది, చెయ్యి తండ్రి వైపు చాచింది. ఒకసారి కళ్లు తుడుచుకుంది. చప్పుడు లేదు. భద్రు చివరిదాకా ఆమె మొహం మీది నుంచి చూపు తిప్పలేదు.

"మీ రైలు టైమైతాంది" అన్నారు మహీధర్ సార్.

"పోనియ్ సారూ. బిడ్డ జవాబు ఇంక రాలే."

ఆ రాత్రి అతను గేటు దగ్గర సమ్మయ్య బల్ల మీద పడుకున్నాడు. తెల్లవారి గంట కొట్టగానే లేచి, నల్లాలకు కాస్త దూరంలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పిల్లలు బకెట్లతో తోసుకుంటున్నారు. తూర్పు తెల్లబడ్డాక, పొద్దు నిన్న వాలినంత ఎత్తుకు లేచాక, అఖిల బకెట్ కింద పెట్టి తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"బాపు, నువ్వు ప్రతి ఆదివారం సమ్మయ్య తాతకు ఫోన్ చేస్తవు. మంచిగున్నవా అంటవు. నేను చెప్త. యాడి ఎట్లున్నది, తమ్ముడు కూసుంటాండా అని అడుగుత. నువ్వు హలో, హలో అని పెట్టేస్తవు. సాయంత్రం ఆ మాటలన్నీ ఈ గోడకు చెప్పుకుంటున్న. తమ్ముని ఎత్తుకోవాలని నాకు గూడ ఉన్నది. కాని ఆడ నా మాట వచ్చే యాళ్లకు నువ్వు లారీల మీద ఉంటవు. నన్ను ఎవలు ఇంటరు? ఈడ పిల్లలు సాయంత్రం దాక ఆగుతాండ్రు. నేను ఉంట బాపు. కోపం చెయ్యకు. చేసినా ఉంట."

గొంతు ఆగిపోయింది. భద్రు తువ్వాలతో మొహమంతా ఒకసారి తుడుచుకున్నాడు. పోయి వసారాలోని పెట్టెను తనే ఎత్తుకుని, తీసుకెళ్లి పిల్లలు పడుకునే గది గుమ్మం లోపల పెట్టి వచ్చాడు. మహీధర్ సార్ వచ్చేదాకా ఆగి, "ఉంటదట సారూ" అని ఒక్క మాట చెప్పాడు. ఆయన ఏదో అనబోయారు. చదవడం రాదని రాసుకుపోయిన కాగితం సంగతి ఎత్తారు. "మల్ల చదివించుండ్రి. సాయంత్రం దాక కూసోని ఇనుండ్రి. నేను నిన్నటి సంది కూసున్న" అన్నాడు భద్రు. ఆ మాటలో మర్యాద ఏమీ తగ్గలేదు గానీ, సార్ ఇక పిల్లను తీసుకుపొమ్మని అనలేదు. ఆటలు వంటగది వెనకే, బడి గంటకు ముందే చేసుకోవాలని మాత్రం తర్వాత ఒక ఆర్డరు వేశారు.

భూపాలపల్లిలో ఆ పని పోయింది. మరో కాంట్రాక్టరు దగ్గర, ఇంకొంచెం దూరంలో, మళ్లీ లారీలే దొరికాయి.

ఆదివారం పొద్దున సమ్మయ్య ఫోన్ మోగింది. భద్రు అడగాల్సినవన్నీ ఒకటొకటిగా అడిగాడు. ప్రతి ప్రశ్న తర్వాత, అవతల ఒక మనిషి నింపాదిగా జవాబు చెప్పుకునేంత సేపు ఊరుకున్నాడు. హలో అనలేదు. సాయంత్రం మళ్లీ చేశాడు. ఈసారి అతనికి అడిగేదేమీ లేదు. సగం కట్టిన టార్పాలిన్ మీద, బొగ్గు గుట్టకు ఆనుకుని కూర్చుని, ఒక చెవికి ఫోన్ పెట్టుకుని, రెండో చెవిని అరచేత్తో మూసుకున్నాడు. కింద నుంచి డ్రైవరు కేక వేస్తే, ఆగమని చెయ్యి ఊపాడు.